మోటారుసైకిలు, రాకెట్టు: వేగమా? అదుపా?

యంత్రములయందు మనసుగల విద్యార్థులలో రెండు అభిరుచులు తరచు జంటగా కనిపించును. ఒకటి మోటారుసైకిలు, రెండవది అంతరిక్షమునకు పోవు రాకెట్టు. ఆదోనిలోగాని ఎమ్మిగనూరులోగాని ఒక ఉన్నత పాఠశాల విద్యార్థి నోటుపుస్తకము చివరిపుటలో ఈ రెండింటి బొమ్మలు ప్రక్కప్రక్కన ఉన్నచో ఆశ్చర్యపడ నవసరము లేదు. కాని పెద్దలు ఆ రెండు బొమ్మలను ఒకే కంటితో చూడరు. రాకెట్టు బొమ్మను చూచి "పిల్లవాడు శాస్త్రజ్ఞుడగును" అని మెచ్చుకొందురు. మోటారుసైకిలు బొమ్మను చూచి "వీనికి చదువు అబ్బదు" అని మందలింతురు. మొదటిది విజ్ఞానమట, రెండవది విలాసమట.

ఈ రెండింటిని కలిపి చూపుటకు ప్రయత్నించినవారు లేకపోలేదు. అయితే వారిలో పలువురు కలిపిన తీరు మరియొక పొరపాటునకు దారితీసినది. రెండును వేగమునకు చిహ్నములు, రెండును మంటలు గ్రక్కుచు దూసికొనిపోవునవి, కావున రెండును ఒక జాతివే యని వారి వాదము. ఈ వాదము వినుటకు ఇంపుగా నున్నను పరీక్షకు నిలువదు. మోటారుసైకిళ్లలో రాకెట్టునకు దగ్గరి చుట్టము మిక్కిలి వేగముగా పోవు పందెపు బండి కాదు. అన్నిటికంటె మెల్లగా పోవు ట్రయల్సు బండి. ఆ చుట్టరికము వేగమువలన వచ్చినది కాదు, అదుపువలన వచ్చినది. ఈ తేడాను గుర్తింపనిచో విద్యార్థి అభిరుచి ఉత్త మోజుగా మిగిలిపోవును. గుర్తించినచో అదే భౌతికశాస్త్రమునకు వాకిలి యగును.

ట్రయల్సు అనగా నేమి?

ట్రయల్సు పోటీలో ఎవరు ముందు చేరిరని చూడరు. గుండ్లు, వాగులు, బురద, నిటారైన గట్లు గల కొద్దిపాటి దారిని గుర్తుపెట్టి, కాలు నేల మోపకుండ దానిని దాటవలెనని నియమము. ఒకసారి కాలు మోపినచో 1 తప్పు మార్కు, రెండుసార్లు మోపినచో 2, మూడుసార్లు లేక అంతకు మించినచో 3, దాటలేకపోయినచో 5. తప్పు మార్కులు తక్కువగా వచ్చినవాడే విజేత. స్కాట్లండులో నేడు ఆరు దినములపాటు జరుగుచున్న ట్రయల్సు చరిత్ర 1909లో మొదలైనది. ప్రపంచ చాంపియనుషిప్పు 1975లో ఆరంభమైనది. స్పెయిను దేశీయుడైన టోనీ బోవు 2007 మొదలు 2024 వరకు ఒక్క యేడైనను విడువక ఆరుబయటి ప్రపంచ చాంపియనుషిప్పును గెలిచెను.

నేటి ట్రయల్సు బండి బరువు సుమారు 70 కిలోలు. దానికి కూర్చుండుటకు తగిన సీటు ఉండదు. నడుపువాడు పాదముల ఆనికలపై నిలువబడియే నడుపును. టైర్లలో గాలి చాల తక్కువగా ఉంచుదురు. అందువలన టైరు రాతిపై అదిమికొని ఎక్కువ మేర పట్టుకొనును. ఇంజను మిక్కిలి మెల్లగా తిరుగుచున్నను ఆగిపోకుండునట్లు అమర్తురు. ఇందు ఏదియు వేగమునకు ఉద్దేశించినది కాదు.

ఈ పోటీ మన ప్రాంతమునకు దూరపు ముచ్చటగా తోచవచ్చును. నిజమునకు ఆదోని, ఎమ్మిగనూరు వీధులలో అందరెరిగిన బుల్లెట్టు మోటారుసైకిలునకు ఇట్టి పోటీలతో పాత సంబంధము కలదు. వెనుక చక్రమునకు ఊగెడి చట్రమును అమర్చిన బుల్లెట్టు నమూనాలను రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థ 1948లో ట్రయల్సు పోటీలలో పరీక్షించెను. గతుకులలో చక్రము నేలను విడువకుండ ఆనియుండుటయే ఆ చట్రము ప్రయోజనము. జానీ బ్రిటన్ అను బ్రిటిషు క్రీడాకారుడు రాయల్ ఎన్‌ఫీల్డు బండిపై 1952లోను 1957లోను స్కాట్లండు ఆరు దినముల ట్రయల్సును గెలిచెను. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ ఏర్పడి బుల్లెట్టు మన దేశపు బండి యయ్యెను. పేరు తుపాకిగుండుదే యైనను, దానిని తీర్చిదిద్దిన పరీక్షలలో వేగము కంటె నిలుకడకే పెద్దపీట.

ఆదోని భూమి స్వరూపమును చూచినచో ట్రయల్సులోని శాస్త్రము సులభముగా బోధపడును. కోటకొండలపై గ్రానైటు గుండ్లు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. దిగువన నల్లరేగడి. ఎండకాచిన గుండుపై టైరు చక్కగా పట్టును. వానకు తడిసిన రేగడిలో చక్రము తిరుగుచుండును గాని బండి కదలదు. కారణము ఘర్షణ. చక్రము నేలపై ప్రయోగింపగల బలమునకు గరిష్ఠ పరిమితి, ఘర్షణ గుణకమును నేలపై పడు అభిలంబ బలముచే గుణించిన వచ్చు లబ్ధము. బండి, మనిషి కలిసి 140 కిలోలనియు, ఆ భారమంతయు వెనుక చక్రముపైననే యున్నదనియు అనుకొందము. అభిలంబ బలము సుమారు 1370 న్యూటనులు. ఎండిన రాతిపై ఘర్షణ గుణకము 0.8 అనుకొన్నచో దాదాపు 1100 న్యూటనుల బలము దొరకును. తడిసిన రేగడిపై 0.2 అనుకొన్నచో 275 న్యూటనులు మాత్రమే. ఇంజను ఎంత శక్తిమంతమైనను ఆ హద్దును దాటలేదు. ఎక్కువ శక్తి నిచ్చినకొలది చక్రము జారుటయే జరుగును. కావున ట్రయల్సు ఆటగాని నేర్పు శక్తిని పెంచుటలో లేదు. కావలసినంత మాత్రమే వదలుటలో ఉన్నది. (కోట చారిత్రక స్థలము. అచట బండ్లు నడుపవలెనని దీని భావము కాదు.)

రాకెట్టును బండికి కట్టిన ప్రదర్శనలు

మోటారుసైకిలును రాకెట్టును కలిపి చూపిన ప్రయత్నములలో రెండు ప్రసిద్ధములు. మొదటిది జర్మనీలో 1928లో జరిగినది. కార్ల తయారీదారుల కుటుంబమునకు చెందిన ఫ్రిట్జ్ ఫన్ ఓపెల్, రాకెట్టు ప్రచారకుడు మాక్స్ వాలియర్, మందు రాకెట్లు చేయు ఫ్రీడ్రిక్ సాండర్ కలిసి, ఘన ఇంధన రాకెట్లను కార్లకు అమర్చిరి. ఓపెల్ మోటారుసైకిలునకు కూడ వెనుక చక్రమునకు ఇరువైపుల ఆరు రాకెట్లను తగిలించిరి. 1928 మే 23న బెర్లినులోని ఆవుస్ బాటపై 24 రాకెట్లు గల కారును ఓపెల్ స్వయముగా నడిపి గంటకు 238 కి.మీ. వేగము నందుకొనెను.

ప్రజలలో రాకెట్టునందు కుతూహలము రేపిన ఘనత ఈ ప్రదర్శనలకు దక్కవలసినదే. కాని విజ్ఞానదృష్టితో చూచినచో ఇవి రాకెట్టునకు గాని బండికి గాని న్యాయము చేయలేదు. ఘన ఇంధనము ఒకసారి అంటుకొన్న తరువాత, దానిని తగ్గించుటకు హెచ్చించుటకు నడుపువాని చేతిలో ఉపాయము లేదు. ఇక పొదుపు మాట. రాకెట్టు వాయువులు సెకనుకు 1000 మీటర్ల వేగముతో వెలువడుననుకొందము. గంటకు 238 కి.మీ. అనగా సెకనుకు 66 మీటర్లు. ఆ స్థితిలో వాయుప్రవాహపు శక్తిలో నూటికి సుమారు 13 వంతులే బండిని నడుపుటకు ఉపయోగపడును. తక్కినది వెనుకకు పోవు వాయువులతోనే పోవును. బండి వేగము వాయువుల వేగమునకు దగ్గరగా వచ్చినప్పుడే రాకెట్టు ఆ శక్తిని బాగుగా వినియోగించుకొనును. అట్టి వేగము అంతరిక్షయానమునకు సహజము; రోడ్డుకు కాదు. అన్నిటికంటె గమనింపదగినది వేరొకటి కలదు. ఆ కారునకు ఇరుప్రక్కల రెక్కలను తలక్రిందులుగా అమర్చిరి. బండి పైకి లేవకుండ గాలిచేత నేలకు అదుమబడుటకే ఆ ఏర్పాటు. అనగా వేగమును సంపాదించిన వెంటనే వారికి ఎదురైన ప్రశ్న నిలుకడయే. ప్రదర్శన చూచినవారు మంటను చూచిరి. నేర్వదగిన పాఠము రెక్కలలో ఉన్నది.

ఈ చరిత్రలో విషాదఘట్టము కూడ ఉన్నది. ద్రవ ఇంధనపు ఇంజనును పరీక్షించుచుండగా అది ప్రేలి 1930 మే 17న మాక్స్ వాలియర్ మరణించెను. గొట్టములలో మందు కూరి రాకెట్లు చేయబూనెడి విద్యార్థులు ఈ సంఘటనను మరువరాదు. అనుభవశాలియైన వాలియర్‌కే తప్పని ప్రమాదము పాఠశాల ఆవరణలో తప్పునని తలచుట అవివేకము.

రెండవ ప్రదర్శన అమెరికాలోనిది. 1974 సెప్టెంబరు 8న ఐడహో రాష్ట్రమున స్నేక్ నది లోయను దాటుటకు ఈవిల్ క్నీవిల్ అను సాహసికుడు పూనుకొనెను. అతడు ఎక్కిన వాహనమునకు స్కైసైకిల్ అని పేరు. పేరులో సైకిలున్నను అది మోటారుసైకిలు కాదు. రాబర్టు ట్రూయాక్సు అను రాకెట్టు ఇంజనీరు నిర్మించిన ఆవిరి రాకెట్టు. అధిక పీడనమున మిక్కిలి వేడియెక్కించిన నీరు ఆవిరియై వెనుకకు చిమ్మగా ముందుకు పోవునది. అది బయలుదేరునప్పుడే గాలిగొడుగు ముందుగా విచ్చుకొన్నది. వాహనము గాలికి వెనుకకు కొట్టుకొనిపోయి లోయలో పడినది. క్నీవిల్ ప్రాణములతో బయటపడెను. 2016లో అదే నమూనాపై ట్రూయాక్సు కుమారుడు నిర్మించిన వాహనమున ఎడ్డీ బ్రాన్ ఆ లోయను దాటెను. అనగా 1974లో కొరవడినది బలము కాదు. గాలిగొడుగును సమయము వచ్చువరకు పట్టియుంచవలసిన ఏర్పాటు విఫలమైనది. వేగమునే ప్రచారము చేసిన ప్రదర్శనలో ఫలితమును నిర్ణయించినది ఒక చిన్న భాగము.

పాఠములలోని రెండు పొరపాట్లు

ప్రదర్శనలను విమర్శించుట సులభము. రాకెట్టును గూర్చి తరగతిగదులలో వినిపించు వివరణలలోను లోపములు కలవు. అందు మొదటిది, రాకెట్టు వాయువులు వెనుకనున్న గాలిని త్రోయుటచే రాకెట్టు ముందుకు పోవుననుట. ఇది క్రొత్త పొరపాటు కాదు. 1920 జనవరి 13న న్యూయార్కు టైమ్సు పత్రిక ఇట్టి అభిప్రాయముతోనే, శూన్యమున రాకెట్టు పనిచేయదని చెప్పుచు అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్టు గొడ్డార్డును ఎగతాళి చేసెను. అపోలో-11 చంద్రునివైపు బయలుదేరిన మరునాడు, అనగా 1969 జూలై 17న, ఆ పత్రిక తన పొరపాటును సవరించుకొన్నది. అందుకు 49 ఏండ్లు పట్టినది.

నిజమేమనగా రాకెట్టు త్రోయునది గాలిని కాదు, తన ఇంధనము మండుటచే పుట్టిన వాయువులను. న్యూటను మూడవ గమన సూత్రము ప్రకారము ఆ వాయువులు రాకెట్టును ముందుకు త్రోయును. ఈ విషయమున మోటారుసైకిలు చక్కని ఉదాహరణ. చక్రము నేలను వెనుకకు త్రోయును. నేల చక్రమును ముందుకు త్రోయును. నేల జారిపోయినచో బండి కదలదు. రాకెట్టు తాను త్రోయదగిన ద్రవ్యమును తనతోనే మోసికొనిపోవును. రేగడిలో తిరుగు చక్రమును చూచిన విద్యార్థికి ఈ తేడాను రెండు వాక్యములలో చెప్పవచ్చును.

రెండవ పొరపాటు ఇంకను సూక్ష్మమైనది. గొడ్డార్డు వంటివాడే అందు చిక్కుకొనెను. 1926 మార్చి 16న అతడు ఎగురవేసిన మొదటి ద్రవ ఇంధన రాకెట్టులో ఇంజను పైన, ఇంధనపు తొట్లు క్రింద ఉండెను. పైనుండి లాగినచో రాకెట్టు లోలకమువలె వ్రేలాడుచు నిటారుగా పోవునని తలంపు. అది 2.5 సెకనులు ఎగిరి, సుమారు 12.5 మీటర్ల ఎత్తునకు పోయి పడినది. ఇంజను పైనున్నను క్రిందనున్నను నిలుకడకు భేదము లేదు. ఏలయన గడియారపు లోలకమునకు వలె రాకెట్టునకు కదలని కొక్కెము లేదు. రాకెట్టు వంగినచో ఇంజను కూడ దానితోపాటే వంగును. త్రోపు కూడ ఆ దిక్కునకే తిరుగును. గొడ్డార్డు తరువాతి నమూనాలలో ఇంజనును క్రిందికి మార్చెను. 1935లో వేగముగా తిరుగు గైరోస్కోపు సహాయముతో రాకెట్టు వంపును కనిపెట్టి, వాయుప్రవాహమున రేకులను త్రిప్పి, దిశను సరిదిద్దగలిగెను.

అరచేతిలో కర్రను నిలుపుట కూడ రాకెట్టునకు ఉదాహరణగా చెప్పుదురు. ఇది సగము సరియైనది. కర్రను పడగొట్టునది భూమ్యాకర్షణ. ఎగురుచున్న రాకెట్టును భూమ్యాకర్షణ ఒరిగించలేదు. ఏలయన ఆ బలము గురుత్వ కేంద్రము గుండా పోవుటచే దానిచుట్టు త్రిప్పుబలము పుట్టదు. త్రోపు రేఖ గురుత్వ కేంద్రమును తప్పుట, గాలి వత్తిడి ముందుభాగమున ఎక్కువగా పడుట అను కారణములచే రాకెట్టు ఒరుగును. అయినను తప్పు పెరుగకముందే దిద్దవలెనను నీతి రెండింటికిని ఒకటే.

ఆ నీతి రాకెట్టు చరిత్రయందు పాతది. 1786లో టిప్పు సుల్తాను సైన్యము ఆదోని కోటను ముట్టడించి పట్టుకొన్నది. ఆ కాలపు మైసూరు సైన్యములో ఇనుపగొట్టపు రాకెట్లు ప్రయోగించు దళములు ప్రసిద్ధములు. ఆ గొట్టమునకు పొడుగైన వెదురు బద్దను కట్టెడివారు. అది అలంకారము కాదు. గాలి వత్తిడి గురుత్వ కేంద్రమునకు వెనుక పడునట్లు చేసి దిశను నిలుపు సాధనము. దీపావళి తారాజువ్వ పుల్ల చేయు పనియు అదియే. 1844లో విలియం హేల్ అను ఆంగ్లేయుడు పుల్ల లేకుండ, రాకెట్టు తన చుట్టు తాను తిరుగుచు పోవునట్లు చేసెను. హైదరాబాదులోని స్కైరూట్ సంస్థ 2022 నవంబరు 18న శ్రీహరికోటనుండి ప్రయోగింపగా 89.5 కి.మీ. ఎత్తునకు పోయిన విక్రమ్-ఎస్ రాకెట్టులో కూడ ఇట్లు త్రిప్పు చిన్న ఇంజనులను వాడిరి.

శ్రీహరికోట సాక్ష్యము

వేగమే రాకెట్టునకు ప్రాణమనువారు మన దేశపు తొలి ప్రయోగములను పరిశీలింపవలెను. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు మొదటిసారి శ్రీహరికోటనుండి లేచెను. రెండవ అంచెలో రాకెట్టును నిటారుగా నిలుపు ఏర్పాటునందు ఒక కవాటము ఇరుక్కొని నత్రికామ్లము కారిపోయినది. రాకెట్టు అదుపుతప్పి బంగాళాఖాతమున పడినది. 1980 జూలై 18న అదే రకపు రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో చేర్చెను. 1988 జూలై 13న ఎ.ఎస్.ఎల్.వి. రెండవ ప్రయోగము, ప్రక్క ఇంజనులు ఆరి నడిమి ఇంజను అందుకొను సంధిలో అదుపుతప్పి విఫలమైనది. 1993 సెప్టెంబరు 20న పి.ఎస్.ఎల్.వి. మొదటి ప్రయోగము, అంచెలు విడిపోవునప్పటి కుదుపును దిద్దవలసిన గణకయంత్రపు ఆదేశములలోని లోపమువలన కక్ష్యను చేరలేదు.

ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో విషయము స్పష్టమగును. ఈ మూడు ప్రయోగములలోను కొరవడినది బలము కాదు, అదుపు. పి.ఎస్.ఎల్.వి. మొదటి అంచెలో ఆ అదుపును సాధించు విధానము చిత్రమైనది. అంత పెద్ద ఘన ఇంధన ఇంజనును ఇటునటు త్రిప్పుట కష్టము. అందుచే వాయువులు వెలువడు మూతిలోనికి ఒక ప్రక్కనుండి స్ట్రాన్షియం పెర్‌క్లోరేటు ద్రావణమును చిమ్ముదురు. అచట వాయుప్రవాహము ఒత్తుకొని కొద్దిగా ప్రక్కకు మరలును. దానితో రాకెట్టు దిశ మారును. వందల టన్నుల రాకెట్టు కొలతకు తగిన చిమ్ముదలతో దారికి వచ్చును. ట్రయల్సు ఆటగాడు క్లచ్చును ఒక వెంట్రుకవాసి వదలుటకు ఇది దూరపు విషయము కాదు.

బరువు విషయమునను ఇట్లే. పి.ఎస్.ఎల్.వి. పెద్ద నమూనా బరువు లేచునప్పుడు 320 టన్నులు. ధ్రువముల మీదుగా పోవు ఒక రకపు కక్ష్యకు అది చేర్చు ఉపగ్రహము 1750 కిలోలు. కిలో బరువును పైకి చేర్చుటకు నేలపై సుమారు 183 కిలోలు కావలెను. పై అంచెలో అక్కరలేని కిలో లోహమున్నచో ఉపగ్రహములో కిలో తగ్గించవలెను. 1960వ దశకమున శామీ మిల్లర్ అను ట్రయల్సు వీరుడు తన బరువైన 500 సి.సి. ఏరియల్ బండిలోని భాగములను ఒక్కొక్కటిగా తేలిక చేయుచు పోయెను. తుదకు 1965లో స్పెయినులో తయారైన తేలికైన బుల్టాకో బండితో స్కాట్లండు పోటీని గెలిచెను. బండి తేలికైనకొలది ఆటగాని దేహమే అదుపు సాధనమగును. 70 కిలోల మనిషి 70 కిలోల ట్రయల్సు బండిపై మొత్తములో సగము. 190 కిలోల బండిపై కేవలము నాల్గవ వంతు.

చంద్రునిపై ట్రయల్సు

ఈ పోలికకు అన్నిటికంటె మంచి నిదర్శనము చంద్రయానమునందు దొరకును. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 విక్రమ్ నౌక చంద్రునిపై మెల్లగా దిగలేక పడిపోయినది. దానికి ఐదు ఇంజనులుండెను. వేగమును తగ్గించు దశలో అవి అనుకొన్న దానికంటె ఎక్కువ త్రోపు నిచ్చినవనియు, ఆ కొద్దికొద్ది తప్పులు కూడికొన్నవనియు, వానిని దిద్దుటకు నౌక తొందరగా తిరుగవలసివచ్చినను అంత తొందరగా తిరుగలేకపోయినదనియు భారత అంతరిక్ష పరిశోధన సంస్థ అధ్యక్షుడు ఎస్. సోమనాథ్ 2023లో వివరించిరి. దిగవలసిన చోటు కూడ 500 మీటర్ల చదరమే. విషయమేమనగా, నౌకకు లోటు జరిగినది బలము తక్కువై కాదు, ఎక్కువై.

చంద్రయాన్-3లో నడిమి ఇంజనును తీసివేసి నాలుగు ఇంజనులతో సరిపెట్టిరి. కాళ్లను బలపరచిరి. దిగు చోటును 4 కి.మీ. పొడవు, 2.4 కి.మీ. వెడల్పు గల మేరకు పెంచిరి. 2023 ఆగస్టు 23న ఆ నౌక చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగినది. దిగుటకు ముందు సుమారు 150 మీటర్ల ఎత్తున కొద్ది సెకనులు నిలిచి, క్రింద గుండ్లు గుంటలు లేని తావును చూచుకొన్నది. తరువాత సెప్టెంబరు 3న ఇంజనులను మరల వెలిగించి సుమారు 40 సెంటీమీటర్లు పైకి లేచి, 30-40 సెంటీమీటర్ల అవతల మరల దిగినది. ట్రయల్సు ఆటగాడు గుండుపై నిలిచి, ముందున్న రాతిని కంటితో కొలిచి, జానెడు ఎగిరి దానిపై నిలుచుటను చూచినవారు ఈ రెండు పనులకు గల పోలికను వెంటనే గ్రహింతురు. లక్షల కిలోమీటర్లు పోయిన నౌక విజయము చివరి కొన్ని మీటర్లలో, మెల్లగా కదలుటలో నిర్ణయింపబడినది.

పోలికకు హద్దులు

అయినను పోలికను అతిగా సాగదీయుట విజ్ఞానమునకు చేటు. మోటారుసైకిలు ఇంజను ఒక కిలో పెట్రోలును మండించుటకు సుమారు 15 కిలోల గాలిని చుట్టునుండి పీల్చుకొనును. రాకెట్టు ప్రాణవాయువును కూడ తానే మోయవలెను. కిరోసినుతో నడుచు రాకెట్టునకు ఒక కిలో ఇంధనమునకు సుమారు రెండున్నర కిలోల ద్రవ ప్రాణవాయువు కావలెను. ట్రయల్సు ఆటగానికి నేల ఆసరా కలదు. అంతరిక్షములో ఒరిగిన నౌక దేనిని పట్టుకొని నిలువదు. ఆటగాడు కాలు మోపినచో ఒక మార్కు పోవును. రాకెట్టునకు కాలు మోపు అవకాశమే లేదు. బండిని అదుపుచేయునది మనిషి కన్ను, చెవి, కండరము. రాకెట్టును అదుపుచేయునది ముందుగా వ్రాసిపెట్టిన గణితము. బండి నడుపుట వచ్చినవాడు రాకెట్టు ఇంజనీరు కాడు. కాని తప్పును వెంటనే గుర్తించి, అవసరమైనంతే దిద్దవలెనను సూత్రము వాని చేతులకు తెలిసియుండును. ఆ తెలిసినదానిని గణితభాషలో చెప్పించుట ఉపాధ్యాయుని పని.

చేతులకు తెలిసినది ఎట్టిదో ఎమ్మిగనూరు చక్కగా ఎరుగును. 1938లో మాచాని సోమప్ప ఆధ్వర్యమున నేతగాండ్ర సహకార సంఘము స్థాపితమైన ఊరు అది. మగ్గముపై కూర్చున్న నేతగాడు పడుగు దారపు బిగువును వ్రేళ్లతో కనిపెట్టి, వదులైనచో బిగించి, బిగిసినచో వదలుచుండును. రాకెట్టులోని అదుపు ఏర్పాటు చేయు పనియు ఈ తీరుదే. అట్టి పని తెలిసిన ఇంటి పిల్లవానికి రాకెట్టు పరాయి విద్య యని తోచుట అతని లోపము కాదు. పాఠము చెప్పిన తీరులోని లోపము.

తరగతిలో చేయదగిన పరీక్షలు

ఇందుకు ఖరీదైన సామాగ్రి అక్కరలేదు. ప్రమాదకరమైన మందుగుండుతో పని అసలే లేదు. మొదటి పరీక్షకు ఒక పెన్సిలు, ఒక పొడుగుపాటి కర్ర చాలును. 15 సెంటీమీటర్ల పెన్సిలును వ్రేలిపై నిలుపుట అసాధ్యమగును. ఒకటిన్నర మీటరు కర్రను కొంతసేపు నిలుపవచ్చును. లెక్క వేసినచో కర్ర ఒరుగుటకు పట్టు కాలము దాని పొడవు వర్గమూలమునకు అనుపాతములో ఉండును. పెన్సిలునకు ఆ కాలపు కొలత సుమారు 0.1 సెకను, కర్రకు సుమారు 0.32 సెకను. మనిషి చూచి స్పందించుటకు దాదాపు 0.2 సెకను కావలెను. పెన్సిలు మన స్పందన కంటె ముందే పడును. కర్ర మనకు వ్యవధి నిచ్చును. చంద్రయాన్-2 సంగతిలోని చిక్కు ఈ కొలతలలో విద్యార్థికి స్పష్టపడును.

రెండవ పరీక్ష పాఠశాల క్రీడోత్సవములలో అందరెరిగిన నిదానపు సైకిలు పందెము. ఇరువది మీటర్ల దూరమును కాలు మోపకుండ ఎవరు ఎక్కువసేపు నడుపుదురో వారే విజేతలు. పేరు వేరైనను ఇది ట్రయల్సే. ఒక్కొక్కరి కాలమును గడియారముతో కొలిచి, సగటు వేగమును లెక్కించి, వేగము తగ్గినకొలది హేండిలును ఎన్నిసార్లు ఎక్కువగా త్రిప్పవలసివచ్చుచున్నదో వ్రాసికొనవలెను. వేగముగా పోవునప్పుడు తనంతట తానే నిలుచు సైకిలు మెల్లగా పోవునప్పుడు ఏల నిలువదని ప్రశ్నింపవలెను. మోటారుసైకిలును రోడ్డుపై నడుపుటకు వయస్సు, లైసెన్సు కావలెను. ఈ ప్రశ్నకు ఏమియు అక్కరలేదు.

వేగమును చూచి చప్పట్లు కొట్టుటకు చదువుతో పనిలేదు. మెల్లదనములోని కష్టమును గుర్తించుటకు చదువు కావలెను. నోటుపుస్తకము చివరిపుటలోని రెండు బొమ్మలలో ఒకదానిని మెచ్చి ఒకదానిని చెరిపించు ఉపాధ్యాయుడు రెండవదానిని కూడ పోగొట్టుకొనవచ్చును. ఆ రెండింటి నడుమ ఒక గీత గీచి, "ఇవి రెండును పడిపోకుండ ఏల నిలుచుచున్నవి?" అని అడిగిన ఉపాధ్యాయుని తరగతిలో భౌతికశాస్త్రము ఆరంభమైనట్లే.